ఉభయ కుశలోపరి

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో 1984–85 పదో తరగతి బ్యాచ్ తరఫున చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శి గారు ఒక్కో బ్యాచ్‌కీ పదేసి నిమిషాలిచ్చి, "మీ వాళ్ళ విశేషాలు చెప్పండి" అన్నారు. నాకంటే ముందు మాట్లాడిన వాళ్ళు చాలా బాగా చెప్పారు. విన్నాక మా బ్యాచ్ కూడా ఏమీ తీసిపోదని నిరూపించాలని నాకూ కాసేపు అనిపించింది. కానీ మేము ఈ మధ్య నేర్చుకున్న పాఠం ఒకటుంది. పదినిమిషాల్లో ఎక్కువ భాగం దానికే వాడుకుంటాను.

పేర్లు చెప్పను, రోల్ నంబర్లే చెబుతాను. కొందరు ఇక్కడే ఉన్నారు, కొందరు లేరు. కొందరికి తమ సంగతి మైకులో వినడం ఇష్టం ఉండకపోవచ్చు. పైగా మా మాస్టార్లకు మేము పేర్ల కంటే నంబర్లతోనే బాగా గుర్తుంటాం.

మా హాజరు పట్టీలో 46 మందిమి. 1 నుంచి 32 దాకా మగపిల్లలం, 33 నుంచి 46 దాకా ఆడపిల్లలు. నాది 11. అసలు మా గురించి లోకానికి తెలిసిన మొదటి వార్త కూడా నంబర్లే. 1985 వేసవిలో పదో తరగతి ఫలితాలు పేపర్లో హాల్ టికెట్ నంబర్లుగా వచ్చాయి. కిళ్ళీకొట్టు దగ్గర ఒక్క పేపరు, దాని మీద ఇరవై తలకాయలు. నంబరు కనపడని వాడు మళ్ళీ మళ్ళీ వెతుక్కుంటుంటే, కనపడ్డవాళ్ళం సంతోషం పైకి చూపించకుండా పక్కకి తప్పుకున్నాం. ఆ మర్యాద మాకు పదిహేనేళ్ళ వయసులోనే తెలుసు. యాభై దాటాక దాన్ని ఎలా మరిచిపోయామో ముందుముందు చెబుతాను.

తరవాత ఎవరి దారిన వాళ్ళం వెళ్ళాం. నేను ఇంటర్మీడియట్‌కి విజయవాడ వెళ్ళాను. అప్పట్లో కబురంటే పదిహేను పైసల కార్డు. 1986 ఆగస్టులో గోదావరికి పెద్ద వరద వచ్చింది గుర్తుందా? భద్రాచలం దగ్గర 75.6 అడుగులు. అంత నీరు ఇప్పటిదాకా మళ్ళీ అక్కడ చూడలేదు. హాస్టల్లో కూర్చుని నాకు తిండి దిగలేదు. ఇంటికి ఒకటి, స్నేహితులకు తొమ్మిది కార్డులు రాశాను. రెండు వారాల్లో తొమ్మిదింటికీ జవాబులొచ్చాయి. అన్నిటి మొదటి వరసా ఒకటే, "ఉభయ కుశలోపరి. ఇక్కడ మేమందరం క్షేమం. అక్కడ నువ్వు క్షేమమని తలుస్తాను." ఆ తరవాతే నీరు ఎక్కడిదాకా వచ్చింది, ఎవరి గేదె కొట్టుకుపోయింది వగైరా.

ఆ మాటకు అర్థం అప్పుడు నేనూ ఆలోచించలేదు. ఇద్దరి కుశలం చెప్పుకున్నాక, ఆ పైన మిగతా సంగతులు అని దాని భావం. క్షేమం ముందు, విశేషాలు తరవాత. చెప్పడానికి విశేషమేమీ లేకపోయినా క్షేమం ఒక్కటే రాసి కార్డు పోస్టు చేసేవాళ్ళు. అందుకెవరూ సిగ్గుపడేవాళ్ళు కాదు.

ఇక మా విశేషాలు. కార్యదర్శి గారి మాట కూడా తీర్చాలి కదా, గబగబా చెప్పేస్తాను.

3, 4 నంబర్లు ఒకే బెంచీ, ఇద్దరూ టీచర్లయ్యారు. ఒకడు తాడేపల్లిగూడెం దగ్గర, ఒకడు ఖమ్మం జిల్లాలో. ఇద్దరికీ రికార్డులో పుట్టినరోజు 1969 జూలై 1. ఇద్దరూ ఒకే రోజున పుట్టలేదు లెండి. బళ్ళో వేసేటప్పుడు అప్పటి మాస్టారు మా క్లాసులో ఎనిమిది మందికి జూలై 1 వేసేశారు. ఒకటో తారీఖున పుట్టినవాడికి ముందు నెలాఖరుకే రిటైర్మెంటు. ఆంధ్రలో 62 ఏళ్ళు, తెలంగాణలో 61. కాబట్టి ఇప్పుడున్న రూల్సు ఇలాగే ఉంటే ఖమ్మం వాడు 2030 జూన్ 30న, గూడెం వాడు 2031 జూన్ 30న దిగుతారు. ఒకే బెంచీ, ఒకే పుట్టినరోజు, ఏడాది తేడా. ఇది వాళ్ళిద్దరి మధ్య తెగని తగువు.

7, 15, 22 అమెరికాలో ఉన్నారు. 9 రొయ్యల చెరువులు చేస్తున్నాడు. లాభం వచ్చిన ఏడాది ఫోన్ ఎత్తుతాడు, రాని ఏడాది ఎత్తడు. 28 ఆర్టీసీలో డ్రైవరు. 35 అంగన్‌వాడీ టీచరు, ఆవిడ గురించి మళ్ళీ చెబుతాను. 41 పదిహేడేళ్ళుగా కువైట్‌లో ఇంటిపని చేస్తూ ఇక్కడ ఇద్దరు పిల్లల్ని ఇంజినీర్లను చేసింది. నేను కరెంటు ఆఫీసులో ఇంజినీరుని. ఇంతే విశేషాలు.

ఇప్పుడు 19వ నంబరు సంగతి.

19 మూడో బెంచీలో నా వెనక కూర్చునేవాడు. పదో తరగతి తరవాత చదవలేదు. మోటారు వైండింగ్ నేర్చుకుని ఇక్కడికి పన్నెండు కిలోమీటర్ల దూరంలో షాపు పెట్టుకున్నాడు. కాలిపోయిన మోటార్లకు తీగ చుట్టే పని. నేను ఆ చుట్టుపక్కల ఏఈగా పనిచేసిన మూడేళ్ళూ సాయంత్రాలు వాడి షాపులో స్టూలు మీద కూర్చుని టీ తాగేవాణ్ణి. "ఒరేయ్, మీ వోల్టేజీ చల్లగా ఉండాలిరా, అది సరిగ్గా ఉంటే నా పొయ్యిలో పిల్లి లేవదు" అనేవాడు. తరవాత నాకు బదిలీ అయింది.

2010 సంక్రాంతికి మా రజతోత్సవం పెట్టుకున్నాం. డైరెక్టరీ వెయ్యాలన్నారు, ఆ బాధ్యత నేను తీసుకున్నాను. ఒక ఫారం తయారుచేశాను. పేరు, హోదా, సంస్థ, సాధించిన విజయాలు, పిల్లల చదువు, విదేశాల్లో ఉంటే ఏ దేశం. మీరూ ఇలాంటివే నింపి ఉంటారు. 19 ఆ ఫారం చేతిలో పట్టుకుని కాసేపు చూసి, "ఇందులో నేను రాయడానికేముందిరా?" అన్నాడు. నేను నవ్వి, "ఏదో ఒకటి రాసివ్వరా, ప్రింటింగుకి టైమైపోతోంది" అన్నాను. ఇంటికెళ్ళి నింపి ఇస్తానన్నాడు, ఇవ్వలేదు. డైరెక్టరీలో వాడి పేరు ఎదురుగా "వివరాలు అందలేదు" అని అచ్చయింది.

ఆ వివరాలు నాకు తెలియనివా? షాపు తెలుసు, ఇల్లు తెలుసు, కూతురు ఏ బళ్ళో చదువుతోందో తెలుసు. వాడి చేతి టీ తాగినవాణ్ణి. అయినా నేనే వేశాను, అందలేదని. నా ఫారంలో వాడికి సరిపోయే గడి లేదు మరి.

తరవాత వాట్సాప్ గ్రూపు వచ్చింది. 19ని కూడా చేర్చాం. ఏనాడూ ఒక్క మాట రాయలేదు. అలా రాయనివాళ్ళు ఇంకో పదిహేను మంది ఉండటంతో ఎవరికీ పట్టలేదు. మన గ్రూపులు ఎలా ఉంటాయో మీకు తెలియంది కాదు. పొద్దున్నే పువ్వులు, మధ్యాహ్నం రాజకీయాలు, మధ్యలో ఎవరి అబ్బాయికో సీటు, ఎవరిదో గృహప్రవేశం. పూర్వం శుభలేఖకు నాలుగు మూలలా పసుపుండేది. అశుభం కార్డు చదవగానే చించేసేవాళ్ళు, ఇంట్లో ఉంచేవాళ్ళు కాదు. చేతికి రాగానే మనసు సిద్ధపడేది. ఇప్పుడు చావు కబురూ, పెళ్ళి కబురూ ఒకే టింగుమన్న చప్పుడుతో వస్తున్నాయి. కళ్ళజోడు లేకుండా చూసి, ఒకరి నాన్నగారు పోయారంటే చప్పట్ల బొమ్మ పెట్టినవాడు మాలో ఉన్నాడు. నవ్వకండి, అది నేనే.

2022 జూలై 1న ఎప్పటిలాగే ఎనిమిది మంది జూలై పిల్లలకూ శుభాకాంక్షలు మొదలయ్యాయి. 19 కూడా అందులో ఒకడు. కేకు బొమ్మలు, "నిండు నూరేళ్ళు" దీవెనలు. మధ్యాహ్నం 19 నంబరు నుంచి గ్రూపులోకి మొట్టమొదటిసారి మెసేజి వచ్చింది. "అంకుల్, నేను ఆయన కూతుర్ని. నాన్నగారు ఫిబ్రవరిలో పోయారు. మీకు తెలుసేమో అనుకున్నాం."

ఆ రోజు మళ్ళీ గ్రూపులో ఎవరూ ఏమీ రాయలేదు.

ఆదివారం నేను, 28 కలిసి వాళ్ళింటికి వెళ్ళాం. రెండు కిడ్నీలూ పాడై రెండేళ్ళు డయాలసిస్ చేయించుకున్నాడట, వారానికి మూడుసార్లు బస్సులో వెళ్ళి వచ్చేవాడట. ఆ రూట్లోనే 28 డ్యూటీ చేశాడు కొన్నాళ్ళు, వేరే షిఫ్టులో. వాళ్ళావిడ మమ్మల్ని ఒక్క మాట కూడా నిష్ఠూరంగా అనలేదు. అదే కష్టమైంది. "రాత్రి భోజనం చేస్తూ మీ గ్రూపు చదివి వినిపించేవారండీ. మీ అబ్బాయికి ఉద్యోగం వచ్చిందట కదా, మొన్నామధ్య మీకు గుండెకి స్టంటు వేశారట కదా" అంది నాతో. మా అందరి విశేషాలూ ఆ ఇంట్లో తెలుసు. "మీ ఫ్రెండ్సుకి చెప్పండి అని నేనెన్నిసార్లు అన్నానో. అక్కడ అందరూ మంచి కబుర్లు చెప్పుకుంటున్నారు, మధ్యలో నాదెందుకే అనేవారు" అంది. లేచి లోపల్నుంచి మా డైరెక్టరీ తెచ్చి బల్ల మీద పెట్టింది. నేను తెరవలేదు. ఆ పేజీలో ఏముందో నాకు తెలుసు.

మా డిపార్ట్‌మెంట్ సంగతి ఒకటి చెబుతాను. లైనులో ఏదైనా తేడా వస్తే మామూలుగా సబ్‌స్టేషన్లో బ్రేకరు పడుతుంది, తెలుస్తుంది. కానీ తీగ తెగి పొడినేల మీద పడితే ఒక్కోసారి బ్రేకరు పడదు. నేలలోకి వెళ్ళే కరెంటు చాలదు. సబ్‌స్టేషన్లో మీటర్లన్నీ సవ్యంగానే చూపిస్తాయి. ఆ తీగ ప్రాణం తీసేలా అక్కడే పడి ఉంటుంది. లైను వెంట నడిచి చూసినవాడికే అది కనపడుతుంది. ముప్ఫై ఏళ్ళుగా నా కింది వాళ్ళకు నేను చెబుతున్న పాఠం ఇది. నా క్లాసుకి మాత్రం నేను మీటర్లు చూసి ఊరుకున్నాను.

ఆ నెలలోనే ఎనిమిది మందిమి కూర్చున్నాం. ఏం చెయ్యాలని అనుకుంటుంటే, 35 ఒక మాట అంది. "మన లెక్కల మాస్టారు ఏం చేసేవారో గుర్తుందా?" అని.

మాస్టారు ఇక్కడే ముందు వరసలో ఉన్నారు. హాజరు పిలిచేటప్పుడు ఎవరైనా పలకకపోతే ఊరికే గీత పెట్టి వదిలేసేవారు కాదు. "వాడింటి దారిలో ఎవరున్నార్రా?" అని అడిగి, లేచినవాడితో, "సాయంత్రం వెళ్ళి ఎందుకు రాలేదో కనుక్కుని రేపు నాకు చెప్పు" అనేవారు. ఆ కనుక్కోవడంలోనే 31 వాళ్ళమ్మగారికి జబ్బు చేసిందని తెలిసింది. 6ని చదువు మాన్పించి చేలో పనికి పెట్టారని తెలిసి, మాస్టారే సైకిలు మీద వెళ్ళి వెనక్కి తెచ్చారు. మాస్టారూ, మేము చేసిందల్లా మీ పద్ధతిని నలభై ఏళ్ళ తరవాత మళ్ళీ మొదలుపెట్టడమే.

ఎనిమిది మందిమి తలా ఐదుగురిని పంచుకున్నాం. రెండు నెలలకోసారి ఫోన్ చెయ్యాలి. మెసేజి పెడితే లెక్కలోకి రాదు, గొంతు వినాలి. "ఏంటి విశేషాలు?" అని అడగకూడదు. ఆ ప్రశ్నకు జవాబు లేకే మా 19 పదేళ్ళు నోరు విప్పలేదు. "ఎలా ఉన్నావు, ఇంట్లో ఎలా ఉన్నారు" అని అడగాలి. ఏమీ లేదురా, బానే ఉన్నాను అంటే అదే పూర్తి సమాధానం. రెండుసార్లు వరసగా ఫోన్ ఎత్తకపోతే, దారిలో ఉన్నవాడు వెళ్ళి చూడాలి.

అంతా సవ్యంగా సాగిందని చెప్పను. ఒకాయన, "నన్ను ఇలా లెక్క చూడక్కర్లేదు" అని కోప్పడ్డాడు. ఏడాదికోసారి చాలన్నాడు, అలాగే చేస్తున్నాం. ఇంకొకడు మొదటి మూడుసార్లూ బానే ఉన్నానని, నాలుగోసారి నలభై నిమిషాలు ఏడ్చాడు. ఉద్యోగం పోయి ఎనిమిది నెలలైందట, ఇంట్లో చెప్పకుండా రోజూ క్యారేజీ కట్టించుకుని బయటికి వెళ్ళేవాడట. వాడికి మేము ఉద్యోగం ఇప్పించలేదు, అది మా చేతిలో లేదు. ఇద్దరం వెళ్ళి, వాడు ఇంట్లో చెప్పేటప్పుడు పక్కన కూర్చున్నాం.

ఆడపిల్లల సంగతి వేరు. 2010లో 14 మందిలో ముగ్గురే దొరికారు. మిగతావాళ్ళు రాలేదనుకున్నామే గాని మేము వెతకలేదనుకోలేదు. రికార్డులో పుట్టింటి పేరు, ఇప్పుడున్నది అత్తింటి పేరు. ఫోను ఆయన పేరు మీద. "మా పేరు చెప్పి అడిగితే ఆ వీధిలో ఎవరికీ తెలియదు. ఫలానా వారి కోడలు అంటేనే చూపిస్తారు" అంది 35. ఆవిడే ముగ్గురిని వెంటేసుకుని పుట్టిళ్ళకు వెళ్ళింది. అన్నదమ్ముల్ని, వదినల్ని, పాత ఇరుగుపొరుగుల్ని అడిగింది. ఏడాదిన్నరలో ఇంకో ఎనిమిది మందిని పట్టింది. కువైట్‌లో ఉన్న 41కి శుక్రవారం రాత్రి, ఆవిడ పని అయ్యాక, 35 ఫోన్ చేస్తుంది. "నెలలో నా పేరు పెట్టి పిలిచేది నువ్వొక్కదానివే" అందిట మొదటిసారి.

ఇంకో ముఖ్యమైన సంగతి. దయచేసి ఇది ఇంటికి తీసుకెళ్ళండి. 19కి ఒక బీమా పాలసీ ఉంది. పెళ్ళికి ముందు కట్టడం మొదలుపెట్టింది. అందులో నామినీ వాళ్ళమ్మగారు. ఆవిడ వీడికంటే ముందే పోయారు. పెళ్ళయ్యాక భార్య పేరు మార్చుకోవాలని వాడికి తోచలేదు. మార్చకపోతే పాత పేరే ఉంటుంది, తనంతట తాను మారదు. వాళ్ళావిడ తహసీల్దారు ఆఫీసు నుంచి కుటుంబ సభ్యుల ధ్రువపత్రం, ఇంకా ఏవేవో కాగితాలు తేవాల్సి వచ్చింది. మేము వెంట తిరిగాం, డబ్బు వచ్చింది, కానీ నెలలు పట్టింది. ఆ తరవాత మా ఎనిమిది మందిమి ఎవరి కాగితాలు వాళ్ళం తీసి చూసుకున్నాం. నాతో సహా ముగ్గురికి నామినీగా పోయిన అమ్మో, నాన్నో ఉన్నారు. మన వయసువాళ్ళు ఎప్పుడో ఉద్యోగంలో చేరిన రోజున రాసిన పేర్లవి. ఇవాళ ఇంటికి వెళ్ళగానే బీరువా తియ్యండి. బ్యాంకు ఖాతా, బీమా, పీఎఫ్ అన్నీ చూడండి. ఎక్కడెక్కడ ఏమున్నాయో ఇంట్లో ఒకరికి చెప్పండి.

నా సమయం అయిపోవచ్చింది. సంఘానికి ఒక్క విన్నపం. ఈ సావనీరుతో పాటు కొత్త డైరెక్టరీ వేస్తున్నారని విన్నాను. ఫారంలో హోదా గడి ఉండనివ్వండి, ఉద్యోగాలు గొప్పగా చెప్పుకోవడంలో తప్పులేదు. కానీ నింపనివాళ్ళ ఎదురుగా "వివరాలు అందలేదు" అని వెయ్యకండి. ఆ ఊళ్ళో ఉన్నవాడు ఒకడు వెళ్ళి కనుక్కోండి. మా బ్యాచ్ పేజీలో 19 ఎదురుగా ఈసారి నేను రాసింది ఇది: "మోటారు వైండింగ్ మెకానిక్. చుట్టుపక్కల పది ఊళ్ళ రైతులకు మోటార్లు బాగుచేశాడు. భార్య, కుమార్తె ఉన్నారు. 2022లో కన్నుమూశాడు." ఇందులో ఆఖరి వాక్యం తప్ప మిగతాదంతా 2010లో కూడా నేను రాయగలిగిందే.

చివరిగా మా హాజరు. మొత్తం 46. పోయినవాళ్ళు ఐదుగురు. క్షేమంగా ఉన్నారని, గొంతు విని మరీ తెలిసినవాళ్ళు 39. ఇద్దరు ఎక్కడున్నారో తెలియలేదు, 38, 44. 38 వాళ్ళ నాన్నగారు కాలవ లాకుల దగ్గర పనిచేసేవారు, పదో తరగతి పరీక్షలు కాగానే బదిలీ మీద వెళ్ళిపోయారు. 44 రోజూ ప్రార్థన పాడే అమ్మాయి, ఎడమచేత్తో రాసేది, పెళ్ళి చేసి భీమవరం వైపు ఇచ్చారని మాత్రం తెలుసు. మీలో ఎవరికైనా ఆచూకీ తెలిస్తే భోజనాల దగ్గర నాకు గాని, అక్కడ పచ్చచీరలో కూర్చున్న 35కి గాని చెప్పండి.

మాస్టారూ, ఆ ఇద్దరి దారిలో ఎవరున్నారో ఇంకా వెతుకుతున్నాం. తెలియగానే వచ్చి మీకు చెబుతాను.